కటింగ్ వద్దన్న పుస్తకం

నేను బైండింగ్ పని చేసేటోన్ని. పేరు వెంకట్రాజం. హన్మకొండ చౌరస్తా పక్క సందుల మూడో దుకాణం మడిగ నాది. కాలేజి పుస్తకాలు, వకీళ్ల పుస్తకాలు, భజన పుస్తకాలు, ఏదన్న గానీ, నా చేతిల పడ్డదంటె మూడు దిక్కుల కత్తి పడాల్సిందే. కుట్టు ఎంత బిగువున్నా, అట్ట ఎంత గట్టిగున్నా, అంచులు సాఫ్‌గ లేకుంటె దాన్ని నేను బైండింగ్ అనను. అంచు కొయ్యకుండ పుస్తకం ఇస్తె మా నాయిన వీపు మీద ఒక్కటి గుద్దెటోడు. గిరాకి కూడ గంతే. పుస్తకం చేతికి రాంగనే ముందుగాల అంచు మీద బొటనేలు పెట్టి గీసి సూస్తరు.

అసొంటిది ఒకడొచ్చి "అన్నా, కటింగ్ మాత్రం వద్దు" అంటె అనుమానం రాదా? మీరే చెప్పున్రి.

అది ఎమర్జెన్సీ నడుస్తాన్న కాలం, డెబ్బై ఆరు. అంతకు ముందటేడే నేను ఒకపారి మునిగి తేలిన. ఎవడో ముందల పేజీలు లేని పుస్తకం ఇచ్చి పోయిండు. నేను కుట్టిన, అట్ట ఏసిన. లోపల ఏమున్నదో సదివే తీరిక నాకేడిది? అది సర్కారు బందువెట్టిన పుస్తకమట. పోలీసోళ్లు వచ్చి నన్ను తోల్కపోయి రెండు దినాలు ఠాణల బెంచి మీద కూసోవెట్టిన్రు. కొట్టలేదు, అబద్ధమెందుకు. ఇడిసిపెట్టేటప్పుడు సర్కిల్ సాబ్ ఒక్కటే మాటన్నడు. "మల్లొక్కపారి నీ పేరు ఇనొస్తె నీ మిషన్ ఉండది, నువ్వూ ఉండవు." నెల దినాలు నా కటింగ్ మిషన్‌కు సీలు ఏసిన్రు. ఆ నెల నా పెండ్లాం సుగుణ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది.

అప్పటిసంది నా కండ్లకు ఎవ్వడూ సక్కగ కనవడకపోయేది. ఎదురుంగ చాయ హోటల్‌ల తెల్లంగి తొడుక్కున్నాయన ఒకడు రోజూ పదకొండు గంటలకు వచ్చి కూసుండేటోడు. ఒక చాయ తాగితె సరే అనుకునేటోన్ని. రెండోది తెప్పిచ్చుకున్నడంటె, ఇగో ఇది నా కోసమే తాగుతాండు అని చెమటలు పట్టేయి. సుగుణ నవ్వేది. "నువ్వేమన్న మంత్రివా, నీ ఎనక మనిషిని పెట్టనీకి?" అనేది. నవ్వితె నవ్వనీ. బెంచి మీద కూసున్నది ఆమె గాదు గద!

గట్ల ఉన్న రోజులల్ల వచ్చిండు రాయమల్లు. ముప్పై ఏండ్లు ఉంటయేమో, సన్నటి మనిషి. సైకిల్ గోడకు ఆనిచ్చి లోపలికొచ్చిండు. ఖాకీ ప్యాంటు! నా గుండె అక్కడ్నే సగం జారింది. హసన్‌పర్తి దిక్కు ఒక కాలేజి లైబ్రరీల అటెండర్‌నని చెప్పిండు. సరే, అటెండర్లకు కూడ ఖాకీయే ఇస్తరనుకో.

సంచిల నుంచి లావుపాటి పుస్తకం తీసిండు. కుట్టు ఊడి, అట్ట లేచిపోయి, పేజీలు ఎక్కడియక్కడ ఊగుతానయి. దానికి గూడ ముందల పేజి లేదు. నిజాం కాలంల మన దిక్కు ఊర్లు ఎట్లుండె, దొరలెవలు, ఎవలే పనులు చేసేది, పండుగలు, పన్నులు, చెరువులు, అవన్నీ రాసిన పుస్తకమట. లైబ్రరోళ్లు పనికిరాదని పక్కకు పడేస్తె తెచ్చుకున్నడట.

"కుట్టు బిగిచ్చి మంచి అట్ట ఎయ్యన్నా. కటింగ్ మాత్రం వద్దు," అన్నడు.

"ఎవలది పుస్తకం?" అన్న.

"మా అమ్మదన్నా."

"మీ అమ్మ సదువుకున్నదా?"

"అయ్యో, యాడిదన్నా. అమ్మకు అక్షరం ముక్క రాదు. ఏలిముద్ర ఏస్తది."

నేను ఆయన మొకం దిక్కే సూసిన. నవ్వుతలేడు. అక్షరం ముక్క రాని అమ్మకు అయిదు వందల పేజీల పుస్తకం! "మరి ఆమెకెందుకు?" అన్న.

"అది పెద్ద కతన్నా. మల్లెప్పుడన్న చెప్త. జర వారం లోపల గావాలె. ఇంకోమాట, ఎవ్వలకు సూపెట్టకు." అటీటు సూసుకుంట సైకిలెక్కి పోయిండు.

ఇగ నాకు తిండి సయిస్తదా? మడిగ తలుపు సగం దించి పుస్తకం తెరిసిన. నా బతుకుల మొదటిసారి గిరాకి పుస్తకాన్ని సదువుడు వెట్టిన. అచ్చేసింది పంతుళ్ల భాష. దాని పక్కన అంచు పొడుగూత పెన్సిల్ రాతలు. పుస్తకంల "ప్రజలు చెరువు పనులయందు ఉత్సాహముతో పాల్గొనెడివారు" అని ఉంటె, అంచుల "ఉత్సాహం లేదు. కొడితె పోయినం" అని ఉన్నది. ఇంకో కాడ "దొరవారు వస్త్రదానము చేసెడివారు" అని అచ్చయితె, పక్కపొంటి "ఒక్క ఏడు ఇచ్చిండు. మల్ల ఏడు గుంజుకున్నడు" అని రాసున్నది. గంతవరకు నాకూ నవ్వే వచ్చింది.

రెండు వందల పద్నాలుగో పేజి కాడ నవ్వు ఆగింది. అంచు నిండ పేర్లు. పేర్లకు పైన గిట్ల రాసున్నది: "మొత్తం పదకొండు మంది. కట్ట కిందనే ఉన్నరు. ఎవ్వలు తియ్యలేదు. బయట చెప్పద్దన్నరు."

పదకొండు మంది! కట్ట కింద! బయట చెప్పద్దు! పేపర్ల రోజూ సూస్తనే ఉన్న గద, అడివిలకు పోయినోళ్లు, దాసిపెట్టిన తుపాకులు, దొరికిన జాబితాలు. ఇది గసొంటి జాబితానే, లేకుంటె ఇంకేంది? మల్ల ఇంకో బుద్ధి పుట్టింది. ఆ ఖాకీ ప్యాంటోడు పోలీసోడే అయితె? నేను చెప్తనా చెప్పనా అని సూడనీకి వాళ్లే ఈ పుస్తకం పంపిచ్చి ఉంటె? ఎట్ల సూసినా నేను పోయినట్టే.

సుగుణకు సూపెట్టిన. ఆమె నిమ్మళంగ అన్నది: "ఆయననే అడుగరాదు, ఇదేందని."

"అడిగితె నిజం చెప్తడా?"

"నువ్వడిగితెనే గద తెలిసేది. అడగకుండనే దొంగను చేస్తానవు."

ఆడోళ్లకేం తెలుసు అనుకున్న. ఇప్పుడు ఈ మాట చెప్పనీకి సిగ్గయితాంది గని, అనుకున్న.

ఆ రెండు పగళ్లు నేను వేరే పని ముట్టలేదు. నాలుగు పెద్ద కాయితాల మీద అంచు రాతలన్నీ ఎత్తి రాసిన, పేజి నంబరు ఏసి మరీ. పైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కు అర్జి లెక్క రాసిన. రేపు వాళ్లు మీద పడితె, ఇగో సాబ్, నేనే రాసి తెస్తానని చూపియ్యాలె గద! పేర్లు రాస్తాంటె పదో పేరు కాడ సుగుణ అన్నానికి పిలిచింది. తినొచ్చి మల్ల పేజి అందుకున్న.

మూడో దినం అర్జి జేబుల పెట్టుకొని ఠాణ దాక పోయిన. వరండల అదే బెంచి. దాని మీద ఎవడో తల వంచుకొని కూసున్నడు. నా కాళ్లు ఆడ్నే ఆగినయి. ఇయ్యనీకి వచ్చినోన్ని ఎందుకొచ్చినవని కూసోవెడితె? ఎనుకకు మర్రిన. ఇంటికొచ్చి ఆ నాలుగు కాయితాలు మా పంచాంగం అట్ట లోపల పెట్టి, పైన ఇంకో కాయితం అంటువెట్టిన. బైండింగోడు దాసిపెట్టిన కాయితం దేవుడికి కూడ దొరకది. సుగుణ సూసింది.

నడుమల రాయమల్లు ఒకపారి వచ్చిపోయిండు. కండ్లు ఎర్రగున్నయి. "అయిందా అన్నా? కటింగ్ చెయ్యలేదు గదా?" అన్నడు.

"కుట్టు అయింది. గంత తొందరెందుకు?"

"దవాఖానకు పట్కపోవాలె అన్నా. జర జల్ది చెయ్యి, నీ కాల్మొక్త."

దవాఖానల ఎవలని నేను అడగలేదు. నా మనసు అప్పటికే కత అల్లుకున్నది. ఎవనికో గోలి తగిలి ఉంటది, ఈ జాబితా వాని చేతికి పోవాలె, గంతే. "శనివారం రా," అన్న. ఆయన నా చెయ్యి పట్టుకొని "మరువకన్నా" అన్నడు. పట్టుకున్న చెయ్యి సల్లగున్నది.

శుక్రవారం పొద్దుగాల చాయ హోటలాయన ఉరికొచ్చి చెప్పిండు, చౌరస్తాల ఒక పుస్తకాల దుకాణం మీద పోలీసులు పడ్డరని, పుస్తకాలన్నీ బయటికి ఇసిరి ఒక్కొక్కటి తిప్పి సూస్తాన్నరని. నా పై ప్రాణం పైన్నే పోయింది. ఆడ్నుంచి మా సందు ఎంత దూరం? బీడి కాల్చేటంత సేపు. కుట్టిన పుస్తకం బల్ల మీదనే ఉన్నది. కాలబెడితె పొగొస్తది. బాయిల ఏస్తె తేలుతది. ఇగ నాకు తెలిసిన పని ఒక్కటే.

మిషన్ల పెట్టి బిగిచ్చిన. ముందల అంచు, అచ్చక్షరం పక్కకు వచ్చేదాక లోపలికి జరిపిన. ఒక్క దెబ్బ. కింద ఒక్కటి, పైన ఒక్కటి. కత్తి మంచిగ నూరున్నది, ఎన్నముద్ద కోసినట్టు పోయింది. పెన్సిల్ రాతలన్నీ బొటనేలు ఎడల్పు ముక్కలయి కింద కుప్ప పడ్డయి. ఎత్తి గోనెసంచిల కుక్కిన. ఆ సంచి కోసం గాజుల సారలమ్మ శుక్రవారం శుక్రవారం వస్తది, గాజులు పలగకుండ పెట్టెలల్ల నింపుకోనీకి. గంట కాకముందే వచ్చి ఎత్తుకొని కేసముద్రం బస్సెక్కింది. నేను కూసొని నీళ్లు తాగిన. నిజం చెప్తాన, ఆ పూట నా అంత తెలివిగలోడు వరంగల్ జిల్లాల లేడనుకున్న.

పోలీసులు మా సందుకే రాలేదు. తెల్లంగాయన కూడ ఎవడో కాదు, బీమా ఏజెంటట. బ్యాంకు గుమాస్త కోసం ఎదురుసూసుకుంట చాయలు తాగేటోడట.

శనివారం రాయమల్లు రాలేదు. ఆదివారం రాలేదు. అట్ట ఏసి, ఎనక బంగారు రంగు గీతలు పెట్టి ఎదురు సూస్తాన్న. పదమూడు దినాలకు వచ్చిండు. గుండు. మీసం లేదు. భుజం మీద కొత్త తువ్వాల.

"ఎవలు తమ్మి?" అన్న.

"అమ్మ," అన్నడు. "శుక్రవారం పొద్దుమీకి, దీపాల యాళ్లకు పోయిందన్నా. పుస్తకం వచ్చిందా అని రెండుసార్లు అడిగింది."

పుస్తకం ఇచ్చిన. అందరి లెక్కనే ముందు అంచు మీద బొటనేలు పెట్టిండు. ఏలు సాఫ్‌గ జారింది. తెరిసిండు. ఒక పేజి, ఇంకో పేజి, రెండు వందల పద్నాలుగు. మల్ల మొదటికొచ్చిండు. ఎక్కడన్న ఒక్క ముక్క మిగిలిందేమో అని ఏలు పెట్టి ఎతుకుతాండు.

"అన్నా, అమ్మ మాటలేవి?" అన్నడు.

గట్టిగ అనలేదు. గట్టిగంటె బాగుండు.

గప్పుడు చెప్పిండు ఆ పెద్ద కత. వాళ్లమ్మ పేరు సమ్మమ్మ. రఘునాథపల్లి అవతల వాళ్ల ఊరు. ఈ పుస్తకంల మన ఊర్ల సంగతి ఉన్నదే అమ్మా అని, రోజు పొద్దుమీకి డ్యూటీ దిగినంక కొన్ని పేజీలు సదివి ఇనిపిచ్చేటోడట. ఆమె బీడీలు చుట్టుకుంట ఇనేది. ఇనుకుంట ఇనుకుంట "ఆగు, అబద్ధం" అనేదట. "గట్ల కాలేదు. నేను చెప్త, నువ్వు రాయి." రాసినంక "ఏం రాసినవు, సదువు" అని మల్ల సదివిపిచ్చుకునేదట. మూడేండ్లు.

"చెరువు కట్ట కాడ, పనిలో కొందరు కూలీలు మరణించిరని ఒక్క ముక్క రాసిన్రన్నా పుస్తకంల. అమ్మకు ఎంత కోపమొచ్చిందో! కొందరేంది, పదకొండు మంది పోయిన్రు, నేను ఒక్కదాన్ని బయటపడ్డ అన్నది. వెట్టి పని. కట్ట ఇరిగి మీద పడ్డది. దొర తియ్యనియ్యలేదు, పని ఆగుతదని అట్లనే మట్టి పోయిచ్చిండట. బయట చెప్తె ఊర్ల ఉండరన్నడట. ముప్పై అయిదేండ్లు ఆ పేర్లు అమ్మ నోట్లనే ఉన్నయి. రాసినంక పాణం తేలికయిందన్నది. లైబ్రరి పుస్తకం మీద అటెండర్ గీసిండని సార్లు తిడుతరని ఎవ్వలకు సూపెట్టద్దన్న, గంతే అన్నా."

నేను బల్ల పట్టుకొని నిలవడ్డ. కట్ట కింద ఉన్నోళ్లు, ఎవ్వలు తియ్యనోళ్లు. నేను తుపాకులనుకున్న. పిరికి ముండాకొడుకును, ఒక్క మాట అడిగి ఉంటె! అదే శుక్రవారం ఆమె అక్కడ పుస్తకం వచ్చిందా అని అడుగుతాంటె, నేను ఇక్కడ ఆమె మాటలను కత్తి కింద పెట్టిన.

"సంచి ఏడున్నది?" అని సుగుణ దిక్కు సూసిన, తెలిసి కూడ. ఆమె తల అడ్డంగ ఊపింది. పదమూడు దినాల కింద పోయిన గాజుల పెట్టెలు ఏ సంతల ఇప్పిన్రో, ఆ ముక్కలు ఏ గాలికి పోయినయో. రాయమల్లు స్టూలు మీద కూలవడ్డడు. పుస్తకం ఒడిల పెట్టుకొని గుండు మీద చెయ్యి పెట్టుకున్నడు.

సుగుణ నన్ను లోపలికి పిలిచింది. పంచాంగం చేతిల పట్టుకొని ఉన్నది.

"నువ్వు తీస్తవా, నేను తియ్యాల్నా?" అన్నది.

"అండ్ల పైన ఏం రాసిన్నో నీకు ఎరికేనా?"

"ఎరికే. అందుకే అడుగుతాన."

అట్ట ఇప్పిన. నాలుగు కాయితాలు మడత నలగకుండ ఉన్నయి. సమ్మమ్మ మాటలన్నీ ఉన్నయి, పేజి నంబర్లతోని సహా. గని మొదటి కాయితం నెత్తి మీద నా చేతిరాత: "గౌరవనీయులైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారికి, హన్మకొండ బైండింగ్ వెంకట్రాజం వ్రాయునది. అటెండర్ రాయమల్లు అను అనుమానాస్పద వ్యక్తి నా షాపునకు తెచ్చిన పుస్తకములోని అనుమానాస్పద వ్యక్తుల పేర్లు ఈ క్రింద వ్రాయడమైనది."

ఆ కాయితాన్ని మిషన్ల పెట్టిన. నాలుగు వేళ్ల ఎడల్పు కోస్తె చాలు, ఆ అర్జి లేసిపోతది. కింద ఒట్టి పేర్లే మిగులుతయి. ఎత్తి రాసిపెట్టిన తమ్మి, నీ కోసమే, అని ఇయ్యొచ్చు. కాల్మొక్కుతడు గూడ. చక్రం మీద చెయ్యేసిన.

"ఇంకెంత కోస్తవయ్యా?" అన్నది సుగుణ ఎనుకనుంచి.

చెయ్యి తీసిన. నాలుగు కాయితాలు తీస్కపోయి రాయమల్లు చేతిల పెట్టిన. "నేను భయపడ్డ తమ్మి," అన్న.

ఆయన మొదటి నుంచి సదివిండు, బయటికి, అమ్మకు సదివి ఇనిపిచ్చినట్టే. తన పేరు కాడ ఆగిండు. "అనుమానాస్పద వ్యక్తుల" కాడ ఇంకోపారి ఆగిండు. నేను తల ఎత్తలేదు. పేర్లు మొదలువెట్టిండు. కట్టమ్మ. మొగిలమ్మ. ఒక్కొక్క పేరుకు ఒక్కో ఏలు ముడిచిండు. పదో ఏలు ముడిచి నా దిక్కు సూసిండు.

"పదే ఉన్నయి," అన్నడు.

అన్నానికి లేచినప్పుడు ఇడిసిన పేరు. అప్పుడు యాదికొచ్చింది నాకు.

బల్ల మీది పెన్సిల్ తీసుకున్నడు. నా అర్జిల పదో పేరు కింద పదకొండు అని ఏసి, "సోమక్క" అని రాసిండు. "అమ్మ చెల్లె. పన్నెండేండ్లట," అన్నడు. కండ్లల్ల నీళ్లు రాలి కాయితం మీద పడ్డయి. తువ్వాలతోని అద్దిండు, తుడవలేదు, పెన్సిల్ చెరిగిపోతదని.

అన్నీ సదిరి పుస్తకం మీద పెట్టి నా దిక్కు జరిపిండు.

"ఇవి గూడ లోపల కుట్టున్రి," అన్నడు.

కుట్టన్నా అనలేదు. కుట్టున్రి అన్నడు. "మొదటి కాయితం గూడనా?" అన్న.

"అన్నీ. కటింగ్ వద్దు సార్."

కూసొని ఆయన ముందలనే కుట్టిన. నా కాయితాలు పుస్తకం కంటె ఎడల్పు, అంచులు బయటికి పొడుసుకొచ్చినయి. మా నాయిన ఉంటె వీపు పగలగొట్టేటోడు. రాయమల్లు అట్లనే సంచిల పెట్టుకున్నడు. "పోయొస్త సార్," అన్నడు.

పదేండ్లయింది. ఇప్పటికీ ఆ కాలేజి పుస్తకాలు నా దగ్గరికే తెస్తడు, ఇంకో కాడికి పోలేదు. ఈ సందుల ముసలోళ్లు గూడ నన్ను అన్నా అనే పిలుస్తరు. ఆయన సైకిల్ గోడకు ఆనిచ్చి, పుస్తకాల కట్ట దించి, "నమస్తే సార్" అంటడు. "రా తమ్మి, కూసో, చాయ తాగిపో," అంట నేను ప్రతిసారి.

ఆయన కూసోడు.